అర్థశాస్త్రజ్ఞుల యింటిలో తల్లి

మత్తియాస్ డోప్కె, ఆన్ హన్నుష్, ఫాబియన్ కిండర్మన్, మిషేల్ టర్టిల్ట్ అను నలుగురు అర్థశాస్త్రజ్ఞులు 2022వ సంవత్సరమున నొక దీర్ఘవ్యాసమును ప్రకటించిరి. దాని పేరును "సంతానార్థశాస్త్రము: ఒక నూతన యుగము" అని తెనిగింపవచ్చును. ధనిక దేశములలో స్త్రీల యుద్యోగములకును, వారికి కలుగు బిడ్డల సంఖ్యకును గల సంబంధమును గూర్చి అఱువది యేండ్లుగా జరిగిన పరిశోధనము అందు సమీక్షింపబడినది. వ్యాసమున గణితసూత్రములును రేఖాచిత్రములును విస్తారముగా గలవు. ఇట్టిదానిని గృహస్థులు చదువు పత్రికలో విమర్శింపనేల యని కొందఱు శంకింపవచ్చును. కాని దాని విషయము వంటయిల్లు, ఊయెల, నెలజీతము. బిడ్డను ఎవరెత్తుకొందురు, ఎవరి యుద్యోగము ఆగిపోవును అను ప్రశ్న గణితభాషలో అడిగినంతమాత్రమున మన ప్రశ్న కాకపోదు.

నూతన యుగమని వారెందుకనిరో తెలియవలెనన్నచో పాతయుగమేదో ముందుగా చెప్పుకొనవలయును.

చికాగో విశ్వవిద్యాలయమున చదివిన గేరీ బెకరు 1960లో సంతానమును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. తలిదండ్రులకు బిడ్డలు మోటారుకారువలె చిరకాలము మన్నెడు వస్తువులవంటివారనియు, ఆదాయమును వెలను చూచుకొని జనులు వస్తువులు కొన్నట్లే ఎందఱు బిడ్డలు కావలయునో నిర్ణయించుకొందురనియు అతని వాదము. మొదటిసారి వినువారు ముక్కున వేలు వేసికొనక మానరు. ఆ వ్యాసము అచ్చుపడిన సంపుటముననే జేమ్స్ డ్యూసెన్‌బరీ యను పండితుడు దీని నాక్షేపించెను. చదువుకొన్న కుటుంబములలో బిడ్డకెంత చదువు చెప్పింపవలయునో ఎట్లు పెంపవలయునో సంఘమే నిర్ణయించియుంచినదనియు, అందు తండ్రి బేరమాడుటకు చోటు మిగులలేదనియు ఆ యాక్షేపణ సారాంశము.

అయినను బెకరును పరిహసించి విడిచిపెట్టుట న్యాయము కాదు. అతడు విప్పదలచిన చిక్కు నిజమైనది. ధనవంతులు ఎక్కువ బిడ్డలను పోషింపగలరు గదా, మఱి వారికి తక్కువమంది యేల? దీనికతడు, ధనవంతులు సంఖ్యకు మాఱుగా గుణమును కోరుదురని, అనగా తక్కువమందిని కని ఒక్కొక్కరిపై ఎక్కువ వ్యయపఱతురని, సమాధానము చెప్పెను. 1963లో జేకబ్ మిన్సరును, 1965లో బెకరే మఱియొక వ్యాసమునను దీనికొక ముఖ్యాంశమును చేర్చిరి. బిడ్డ వెల పాలతో, బట్టలతో, బడిజీతముతో తీఱునది కాదు. అందు తల్లి గడియారము గూడ గలదు. ఆమె సంపాదింపగల జీతము పెరిగినకొలది ఇంట గడపిన ప్రతి గంటయు ప్రియమగును. కావున స్త్రీలు చదివి ఉద్యోగములలో చేరినకొలది బిడ్డలు తగ్గుదురు. సిద్ధాంత మింతే.

ఇందలి మేలును నేను తక్కువగా చూడను. ఒకడు తన యింటి పనిమనిషిని పెండ్లాడినచో దేశపు టాదాయము ఆ మేరకు తగ్గిపోవునని పిగూ యను ఆంగ్ల పండితుడు 1920లోనే విడ్డూరము చూపియుండెను. ఆమె చేయు పని మాఱలేదు, జీతము మాత్రము ఆగిపోయినది. కావున లెక్కలోనుండి జాఱిపోయినది. తల్లి గంటలకు వెలయున్నదని తమ శాస్త్రముచేత ఒప్పించినవారు మిన్సరు, బెకరులు. అనేక ధర్మోపదేశకులు చేయని పనిని వారు చేసిరి.

తప్పు అటుపిమ్మట జరిగినది. 1981లో బెకరు "కుటుంబమును గూర్చిన గ్రంథము" ప్రకటించెను. అందు కుటుంబమునకొక యజమాని కలడు. అతడు పరార్థపరుడు, అందఱి క్షేమమును తన క్షేమముగా నెంచువాడు. అందుచే కుటుంబమంతయు ఒక్క మనస్సు గలదైనట్లు నడచును. భార్యాభర్తల సామర్థ్యములలో ఆరంభమున స్వల్పభేదమున్నను, ఒకరు పూర్తిగా బజారు పనికిని ఒకరు పూర్తిగా ఇంటిపనికిని మఱలుట ఇద్దఱికిని లాభమని అతడు నిరూపించెను. ఇంటిపనికి మఱలునదెవరో చెప్పనక్కఱలేదు.

సంస్కృతవ్యాకరణమున ఏకశేషమని యొకటి కలదు. తల్లియు తండ్రియు అని చెప్పవలసినచోట "పితరౌ" అనిన చాలును. తండ్రిమాట యొకటే నిలుచును, తల్లిమాట లోపించును. కాని పాణిని అక్కడ ద్వివచనమును విడువలేదు. పదమున తల్లి కనబడకున్నను ప్రత్యయమున కనబడును. ఇద్దఱున్నారని చెవికి తెలియును. బెకరు గృహమున ఆ ప్రత్యయము గూడ లేదు. తల్లి గంటలకు వెలకట్టినవాడే, ఆ గంటలెట్లు గడుపవలయునో నిర్ణయించుటలో తల్లికి వేఱు నోరు లేకుండ చేసెను. ఈ లోపమును అర్థశాస్త్రజ్ఞులలోనే పలువురు ఎత్తిచూపిరి. వారి మాటలకంటె గట్టిగా దానిని చాటినవి తరువాతి జననలెక్కలు.

ఒక్కొక్క స్త్రీ తన జీవితమున కనగల బిడ్డల సగటు 1980లో స్పెయినున 2.2, డెన్మార్కున 1.55. ఉద్యోగముచేయు స్త్రీలు డెన్మార్కున ఎంతో హెచ్చు. పాత సిద్ధాంతము చక్కగా సరిపోయినది. 2000 నాటికి స్పెయినున ఆ సంఖ్య 1.2కు దిగెను, డెన్మార్కున 1.77కు ఎక్కెను. ఉద్యోగముచేయు స్త్రీలు అప్పటికిని డెన్మార్కుననే హెచ్చు. స్త్రీలు ఇంటనున్న దేశమున ఊయెలలు ఖాళీయయ్యెను. స్త్రీలు పనికిపోవు దేశమున నిండెను. ధనిక దేశములన్నిటిని వరుసపెట్టి చూచినచో స్త్రీల యుద్యోగమునకును సంతానమునకును ఉన్న విరోధము 1980 తరువాతి దశాబ్దమున అంతరించి, పిమ్మట తలక్రిందయ్యెనని నామ్కీ ఆన్, పెద్రో మీరా యనువారు 2002లో చూపిరి.

స్పెయినున జరిగినదేమి? అలీసియా అడ్సెరా యను నామె 2004లో వ్రాసిన పరిశోధనము దీనికి చక్కని త్రోవ చూపును. ఆ దేశమున 1984 నాటి చట్టసవరణతో గడువు ఉద్యోగములు విచ్చలవిడిగా పెరిగెను. 1990 తరువాత జీతగాండ్రలో ఇంచుమించు మూడవవంతు అట్టివారే. నిరుద్యోగము నూటికిరువదిని దాటెను. పాతవారి యుద్యోగములు కోటగోడలవలె భద్రము. క్రొత్తవారు, అందును యువతులు, గోడ వెలుపల. ఆఱునెలల గడువుపై పనిచేయు యువతి గర్భవతియైనచో ఆమెను తొలగింపనక్కఱలేదు. గడువు పొడిగింపకున్న చాలును. అందుచే స్థిరోద్యోగము దొరకువఱకు పెండ్లి, పెండ్లి పిమ్మట బిడ్డ, అన్నియు వెనుకకు జరిగెను. ఇరువదియైదేండ్లకు కలుగవలసిన తొలిబిడ్డ ముప్పదిరెండేండ్లకు కలిగినచో రెండవబిడ్డకు కాలమేది? ఆమె బిడ్డను వలదనలేదు. ఉద్యోగవిపణి ఆమెను ఆగుమనినది, వయస్సు ఆగలేదు. జీతము పెరిగి బిడ్డ ప్రియమయ్యెనను బెకరు సూత్రము ఈమె కథలో ఒక్క వాక్యమునైనను వివరింపజాలదు.

ఇక మన నలుగురి వ్యాసము. తల్లి తన వృత్తిని, బిడ్డను రెంటిని నిలుపుకొనగలుగుటకు వారు నాలుగు కారణములు చెప్పుదురు: ప్రభుత్వమిచ్చు సెలవులు, శిశుశాలలు మొదలగునవి, తోడ్పడు తండ్రులు, అనుకూలించు లోకాచారము, వంగుగుణముగల ఉద్యోగములు. మొదటిదానిని గూర్చి లోకమున చాల చర్చ జరిగినది గనుక విస్తరింపను. మూడవదానిని వారు ఆచారమని పేరుపెట్టి లెక్కలోనికి తెచ్చుటకు పడిన పాటు మెచ్చదగినదే గాని, అది తక్కిన మూడింటికి నీడయో వేరో తేలలేదు. వ్యాసమునకు ప్రాణము రెండవది.

డోప్కెయు కిండర్మనును 2019లో వేఱుగా ప్రకటించిన "బిడ్డలపై బేరము" అను పరిశోధనమే దాని కాధారము. ఐరోపా దేశములు పెక్కింట జరిగిన కుటుంబ పరిశీలనమున, మఱియొక బిడ్డ కావలయునా యను ప్రశ్నకు భార్య కోరిక యొకటిగాను భర్త కోరిక యొకటిగాను నమోదు చేయబడెను. తరువాత నిజముగా బిడ్డ కలిగెనా లేదా యని చూచిరి. ఇద్దఱును కోరినచో బిడ్డ కలుగుట సంభావ్యము. ఒక్కరే కోరి రెండవవారు వలదనినచో, ఇద్దఱును వలదన్న యిండ్లకంటె ఎక్కువ తేడా కనబడలేదు. అనగా ప్రతివారికిని కాదనెడి యధికారమున్నది. ఇక కాదనువారెవరు? సంతానము తక్కువగానున్న దేశములలో, తొలిబిడ్డ కలిగిన పిమ్మట, విభేదమున్న యిండ్లలో వలదనునది తఱచుగా భార్యయే. ఆ దేశములలోనే బిడ్డపని యంతయు తల్లిపై పడుచున్నది. కావున బిడ్డకింతయని యింటికి ధనమిచ్చుటకంటె, తల్లిపై బరువును తగ్గించు సాయము రెండింతలకు మించి ఫలింపగలదని వారి గణనము. బెకరు గృహమున లోపించిన ద్వివచన ప్రత్యయము ఇక్కడ తిరిగి చేరినది. దీనివలన అర్థశాస్త్రమునకు కలిగిన లాభము సామాన్యము కాదు.

చట్టమొకటి యున్నంతమాత్రమున తండ్రి యింట నిలుచునని తలపరాదు. జపానున తండ్రికి బిడ్డ పుట్టినపుడు ఏడాదివఱకు సెలవు తీసికొను హక్కు చట్టమున గలదు. లోకమున అంత ఉదారమైన చట్టములు కొన్నియే. అయినను 2012లో దానిని వాడుకొన్న తండ్రులు నూటికిద్దఱు కూడ లేరు. 2023 నాటికి నూటికి ముప్పదిమందియైరి. కార్యాలయమున పై యధికారి ముఖము చూచి సెలవుకాగితమును జేబులోనే యుంచుకొను తండ్రిని చట్టమొక్కటియే మార్పలేదు.

ఉద్యోగములను గూర్చిన నాలుగవ కారణమునకు క్లాడియా గోల్డిను గ్రంథమును కలిపి చదువవలయును. ఆమెకు 2023లో నోబెలు బహుమానము వచ్చినది. 2021లో వృత్తి, కుటుంబములను గూర్చి ఆమె వ్రాసిన పుస్తకము సామాన్యులకును బోధపడును. కొన్ని యుద్యోగములు ఆబగొట్టువని ఆమె అభిప్రాయము. రాత్రియని పగలని చూడక పిలిచినపుడు వచ్చువానికి, రెట్టింపుగంటలు పనిచేసిన రెట్టింపుకంటె నెక్కువ జీతము దొరకును. ఇంట బిడ్డయున్నపుడు ఇద్దఱును అట్టి యుద్యోగములు చేయజాలరు; ఒకరు బిడ్డ పిలుపునకు సిద్ధముగానుండవలయును. ఆ యొకరు తల్లియే యగుచున్నది. ఇందుకు విరుద్ధముగా ఆమె యమెరికాలోని మందుల దుకాణముల నుదాహరించును. పూర్వము ఫార్మసిస్టు సొంత దుకాణము పెట్టుకొని, ఏవేళనైనను తానే పలుకవలసియుండెను. పెద్ద సంస్థల దుకాణములు వచ్చి, మందులు ఒకే రీతిగా తయారై, రోగుల చీటీలు యంత్రమున నమోదైన పిమ్మట ఒకరి స్థానమున నొకరు నిలువగలుగుచున్నారు. తక్కువగంటలు పనిచేసినవారికి గంటజీతము తగ్గుట లేదు. స్త్రీలు ఆ వృత్తిలో విరివిగా చేరిరి. నా వృత్తియగు ఉపాధ్యాయత్వమున స్త్రీలకు అంత ఆదరమేలనో దీనిని చదివిన పిమ్మట నాకు చక్కగా తెలిసినది. మే మందఱమును అది స్త్రీస్వభావమునకు తగినదని ఉపన్యాసములలో చెప్పుచుందుము; నిజమునకు అది గంట కొట్టగానే ముగియు ఉద్యోగము.

ఇంతవఱకు మెచ్చుకొంటిని. ఇక నా యభ్యంతరములు.

మొదటిది తర్కమునకు సంబంధించినది. కారణమున్నచోట కార్యముండవలయును. ఫిన్లాండున శిశుశాలలు, సెలవులు, బిడ్డలనెత్తుకొను తండ్రులు అన్నియు గలవు. అక్కడ సంతానపు సగటు 2010లో 1.87, 2023లో 1.26. స్వీడనున అదే కాలమున 1.98 నుండి 1.45కు దిగినది. నార్వే 2009లో 1.98 ఉండి 2023లో 1.40కు వచ్చినది. ఈ దేశములు చట్టములను రద్దుచేయలేదు. తండ్రులు సోమరులు కాలేదు. కారణములు నాలుగును నిలిచియుండగా కార్యము జాఱిపోయినది. అమెరికాలో 2007లో 2.12 ఉన్నది 2020లో 1.64 అయినది, దానికి మెలిస్సా కెర్నీ, ఫిలిప్ లెవీన్, లూక్ పార్డ్యూ అను మువ్వురు ఆర్థికకారణములను, ప్రభుత్వవిధానములను ఒక్కొక్కటిగా పరీక్షించి ఏదియు చాలదనిరి, యువతరము జీవితమున కోరుకొనునదే మాఱినదేమో యని ఊహించిరి. కావున నలుగురి వ్యాసము ఒక కాలమున డెన్మార్కు స్పెయినుకంటె పైనేలయున్నదో చెప్పగలదు. అందఱును కలిసి క్రిందికేల దిగుచున్నారో చెప్పజాలదు. మెట్లమీద ఎవరే మెట్టున నున్నారను ప్రశ్న వేఱు, మెట్లే క్రుంగుటకు కారణమేమను ప్రశ్న వేఱు. ఒకదానికి చెప్పిన సమాధానమునకు యుగమను పేరు పెట్టుట తొందరపాటు.

రెండవది. తల్లికి ఆదర్శప్రాయమని చూపబడు దేశములలో గూడ తల్లి నష్టపోవుచునే యున్నది. హెన్రిక్ క్లెవెన్ మొదలగువారు 2019లో డెన్మార్కు ప్రభుత్వ లెక్కలనుండి గీసిన రేఖలను చూడుడు. తొలిబిడ్డ పుట్టువఱకు స్త్రీపురుషుల యాదాయములు జతగా నడచును. పుట్టినదే తడవుగా తల్లి రేఖ విఱిగి పడును. తండ్రి రేఖ చలింపదు. పదియేండ్లు గడచినను తల్లి నూటికిరువది మేరకు వెనుకబడియే యుండును. అదే రీతిని గణింపగా ఈ నష్టము స్వీడనున నూటికి 26, అమెరికాలో 31, బ్రిటనున 44, ఆస్ట్రియాలో 51, జర్మనీలో 61. పైగా ఆస్ట్రియాలో అఱువదియేండ్ల సెలవుచట్టములను, శిశుశాలల విస్తరణమును శోధించి, వానివలన ఈ యంతరము దాదాపు తగ్గలేదని వారే తేల్చిరి. బిడ్డలు కలుగుచున్నారు గనుక డెన్మార్కున చిక్కు తీఱినదని నూతన యుగమువారు తలచినయెడల, వారును తల్లి గంటలను మఱల మఱచినవారగుదురు.

మూడవది అన్నిటికంటె పెద్దది. ఇంతటి వ్యాసమున విజయమునకు కొలబద్ద యేమి? జననసంఖ్య. శిశుశాల మంచిది, ఏలయన బిడ్డలు పెరుగుదురు. తండ్రి తోడ్పాటు మంచిది, ఏలయన బిడ్డలు పెరుగుదురు. అయ్యా, పెరుగకున్నచో? ఫిన్లాండున పెరుగలేదు. అక్కడ శిశుశాలలు మూయవలసినదేనా? నిజముగా లెక్కచూచి చెప్పుట శాస్త్రజ్ఞుల పని, దానికి వారిని తప్పుపట్టను. కాని న్యాయమును ఫలముమీద నిలిపినవారు ఫలము రానినాడు న్యాయమును గూడ కోల్పోవుదురు.

దీనికి స్వీడను చరిత్రయే సాక్షి. 1934లో ఆల్వా మిర్డాల్, గునార్ మిర్డాల్ దంపతులు ఆ దేశపు జనసంఖ్య క్షీణించుచున్నదని యొక గ్రంథము వ్రాసిరి. స్త్రీలను ఇంటికి మరల్చుట మందు కాదనియు, ఉద్యోగిని తల్లి కాగలుగునట్లు సంఘమే మాఱవలయుననియు వాదించిరి. నేటి పరిశోధకులు కనుగొన్నదానిలో సగమును వా రానాడే చెప్పిరి. పెండ్లి, గర్భము నెపముగా స్త్రీని ఉద్యోగమునుండి తొలగింపరాదని 1939లో స్వీడనున చట్టమైనది. అది వెలుగు. ఆ గ్రంథమే, ఆ జనసంఖ్యావాదమే, అయోగ్యులని తలచినవారికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుటను గూడ సమర్థించెను. 1934లో మొదలై 1941లో విస్తరించిన చట్టములక్రింద, 1970 తరువాతి దశాబ్దమువఱకు, అఱువది వేలకు పైగా జనులకు అట్లు చేసిరి. వారిలో అత్యధికులు స్త్రీలు. రాజ్యమునకు బిడ్డలు కావలయునని తల్లికి మేలుచేసిన చేయియే, రాజ్యమునకు ఆ బిడ్డ వలదనినపుడు ఆమెపై కత్తి నెత్తినది.

మన చదువరులకు ఈ మాట దూరదేశపు కథగా తోచకూడదు. మన ఆంధ్రప్రదేశమున ఇద్దఱికి మించి బిడ్డలున్నవారు స్థానికసంస్థల యెన్నికలలో నిలువరాదని 1994లో నియమము చేసిరి. 2024లో దానిని తీసివేసిరి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున ఆంధ్రమున సగటు 1.7, తెలంగాణమున 1.8; తరమునకు తరము సరిపోవుటకు 2.1 కావలెనందురు. నిన్న వలదన్నవారు నేడు కనుడనుచున్నారు. మనది ధనిక దేశము కాదు గనుక పై పరిశోధనముల నిక్కడకు యథాతథముగా తెచ్చి అతికించుట పొరపాటు. అడుగుటకు ఒక్క ప్రశ్న మాత్రము పనికివచ్చును. వలదనినపుడుగాని, కనుడనినపుడుగాని, ఇంట ఆ పని చేయవలసినవారి గంటలను ఎవరైన లెక్కించిరా?

అర్థశాస్త్రము చదువు విద్యార్థులు బెకరును చదివిన వెంటనే ఈ నలుగురి వ్యాసమును చదువుట మేలు. ఒకటి లేక రెండవది అసంపూర్ణము. తెలుగులోనికి ముందుగా రావలసినది మాత్రము "బిడ్డలపై బేరము". గణితభాగమును విడిచినను నష్టము లేదు. దాని కాధారమైన పరిశీలనమున అడిగిన ప్రశ్నలు కొన్ని ఏ గణితమును రానివారికిని తెలియును: బిడ్డకు బట్టలు తొడుగునదెవరు? రాత్రి నిద్రపుచ్చునదెవరు? బడికి దింపి తెచ్చునదెవరు? జ్వరము వచ్చినదినమున పని మాని యింట నుండునదెవరు? మన జిల్లాలలో ఏ కళాశాల విద్యార్థులైనను ఈ ప్రశ్నలను భార్యను వేఱుగా, భర్తను వేఱుగా అడిగి, రెండు జవాబులను ప్రక్కప్రక్కన వ్రాసి పంపినచో ఆ పట్టికను చూడవలయునని నాకు చాల కుతూహలముగానున్నది.